చివరి సీటు కింది సంచి

జిల్లా విద్యా కార్యాలయం, రవాణా విభాగం
ఫిబ్రవరి 9

బావగారికి నమస్కారాలు.

ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తినా "ఊ", "సరే" తప్ప మూడో మాట రాదు. అందుకని మీ దారికే వచ్చి కాగితం పట్టుకున్నాను. నా చేతిరాత చూసి నవ్వకండి. అక్క అనేది కదా, "వీడు బండి నడిపితే గీత దాటడు, పెన్ను నడిపితే గీత మీద నిలబడడు" అని.

అసలు సంగతి చెప్తాను. ఏటా మా జిల్లాలో 'బడి మనుషుల రోజు' చేస్తాం, మీకు తెలుసు. పాఠాలు చెప్పేవాళ్లకి కాదు, మిగతా అందరికీ. డ్రైవర్లు, ఆయాలు, వంటవాళ్లు, వాచ్‌మన్లు, ఊడ్చేవాళ్లు, గంట కొట్టేవాళ్లు. ఈసారి జాబితాలో అక్క పేరుంది బావా! బడి పెద్ద మేడమే తన చేత్తో రాసి పంపింది. మొత్తం ఇరవై ఆరేళ్లు. పదిహేడేళ్లు బస్సులో ఆయమ్మగా, తొమ్మిదేళ్లు స్టోరులో. చూడగానే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పక్క బల్ల గుమాస్తా "దుమ్మా సార్?" అన్నాడు. "దుమ్మే" అన్నాను.

మీరు రెండు పనులు చేసిపెట్టాలి. ఒక మంచి ఫోటో, ఆమె గురించి పది వాక్యాలు. సభలో చదువుతారు. పది అంటే పది. మీరు నాలుగు రాసి చేతులు దులుపుకుంటారని తెలిసే చెప్తున్నాను. సభ జూన్ మొదటి శనివారం.

వేళకి తింటున్నారా? మీ చెల్లెలు అడగమంది. అక్క పోయి ఎనిమిది నెలలైనా మీరు మా గడప తొక్కలేదని అలిగి కూర్చుంది. నేనే సర్దిచెప్తున్నాను, "మీ అన్నయ్య ఎవరింటికీ వెళ్లడు, గాలి ఎటు వీస్తోందో చూస్తూ డాబా మీద ఉంటాడు" అని.

మీ
చిన్నోడు

*

ఇంటి నుంచి
ఫిబ్రవరి 20

చిన్నోడికి,

ఉత్తరం అందింది. తింటున్నాను.

పది వాక్యాలు రాయబోయాను. ఏడు వచ్చాయి.

"ఆమె తొమ్మిదో నంబరు బస్సులో ఆయా. ఉదయం ఆరున్నరకు బస్సెక్కేది. నలభై ఒక్కమంది పిల్లల పేర్లు, వాళ్లు దిగే గేట్లు, ఆ గేట్ల వెనక ఉండే కుక్కలు ఆమెకు తెలుసు. ఏడుస్తూ ఎక్కేవాళ్లకు కిటికీ పక్క సీటు, కడుపులో తిప్పేవాళ్లకు ముందు సీటు ఇచ్చేది. ఏ పిల్ల ఏ పూట మాట్లాడకుండా కూర్చుందో ఇంటికి వచ్చి నాకు చెప్పేది. తర్వాత మోకాళ్ల నొప్పి వల్ల స్టోరుకు మార్పించుకుంది. అప్పటినుంచి పిల్లల గురించి చెప్పడం మానేసింది."

చివరి వాక్యం సభలో చదవనక్కర్లేదు. రాశాక కొట్టేయబుద్ధి కాలేదు.

ఫోటోలు అన్నీ చూశాను. ఒక్కదానిలోనూ ఆమె కెమెరా వైపు చూడటం లేదు. బస్సు మెట్టు మీద నిలబడి లోపలికి చూస్తున్నది పంపుతున్నాను. ఇంకో ప్రతి లేదు. పని అయ్యాక వెనక్కి పంపు.

నువ్వు ఎగతాళి చేసినట్టే డాబా మీదే ఉంటున్నాను. వాతావరణ కేంద్రంలో ఉద్యోగం అయిపోయినా ఇంట్లో వాన కొలిచే అలవాటు పోలేదు. ఈ నెల చుక్క పడలేదు. అదే పుస్తకంలో రాశాను.

సభకు వస్తాను.

బావ

*

జిల్లా విద్యా కార్యాలయం, రవాణా విభాగం
మార్చి 18

బావగారికి,

ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దు. ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను.

కమిటీవాళ్లు జాబితా మార్చారు. ఈ ఏడు పనిలో ఉన్నవాళ్లకే అని తీర్మానం చేశారు. పోయినవాళ్లకి ఇంకో ఏడాది విడిగా చేస్తారట. నేను గట్టిగానే వాదించాను. వినేదెవరు? పేరుకి ఇన్‌ఛార్జిని గాని ఇక్కడ నా బతుకు కూరలో కరివేపాకు.

మీ ఏడు వాక్యాలూ చదివాను. రెండుసార్లు చదివాను. దాచుకున్నాను. ఫోటో కూడా భద్రంగా ఉంది, నేనే తెచ్చిస్తాను. ఇక మీరు ఆ ఎండలో అంత దూరం సభకి రావడం దేనికి? ఒక ఆదివారం నేనే వస్తాను, ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం.

అయినా అక్కకి ఇవన్నీ ఎక్కడ ఇష్టం? "మైకులో మెచ్చుకుంటే చెవులు నొప్పి, మనసులో మెచ్చుకోండి చాలు" అనేది. అలా అనుకుని సరిపెట్టుకుందాం. మీరు మనసులో ఏమీ పెట్టుకోవద్దు.

మీ
చిన్నోడు

*

ఇంటి నుంచి
ఏప్రిల్ 14

చిన్నోడికి,

సభ ఆహ్వానపత్రం పోస్టులో వచ్చింది. నువ్వు పంపినది కాదు. బడి పెద్ద మేడమ్ పంపింది. లోపల చిన్న చీటీ ఉంది. 'మీ ఆవిడ పేరు ఎందుకు తీసేశారో నాకు చెప్పలేదు. మీకైనా చెప్పారా?'

జాబితా చదివాను. నాలుగో పేరు రెండేళ్ల కిందట పోయిన వాచ్‌మన్‌ది. పక్కన 'మరణానంతరం' అని అచ్చు వేశారు.

పదకొండో పేరు నీది. 'బస్సుల్లో పిల్లల భద్రతకు కొత్త ఖాళీ బోర్డు పద్ధతి ప్రవేశపెట్టినందుకు. ఈ తొమ్మిదేళ్లలో జిల్లాలో ఒక్క చిన్నారి కూడా బస్సులో మిగిలిపోలేదు.' కింద బొమ్మ వేశారు. చివరి సీటు కింద కట్టిన ఆకుపచ్చ గుడ్డసంచి. అందులోంచి సగం బయటికి వచ్చిన 'ఖాళీ' బోర్డు, పిల్లలంతా దిగారని చూశాక తగిలించేది.

ఆ సంచులు నాకు తెలుసు. అరవై రెండు. మా భోజనాల బల్ల మీద ఆమె కుట్టింది. నెలరోజులు నేను పళ్లెం ఒళ్లో పెట్టుకుని తిన్నాను. "బోర్డు పైన ఎక్కడో తగిలించక సీటు కింద ఎందుకు?" అని అడిగాను. "పాత బోర్డు వెనక అద్దానికి ఉండేది. చూసినా చూడకపోయినా తగిలించేసి పోవచ్చు. ఇది తీయాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. కూర్చుంటే అన్ని సీట్ల కిందా కనిపిస్తుంది. నిద్రపోయిన పిల్లలు కిందికి జారిపోతారు," అంది. ఇదంతా నీకెందుకు తట్టింది అని నేను అడగలేదు.

నిన్న మీ కార్యాలయానికి వచ్చాను. నువ్వు బస్సుల షెడ్డుకు వెళ్లావన్నారు. రికార్డుల గదిలో కళ్లద్దాలకు దారం కట్టుకున్న గుమాస్తా ఉన్నాడు. భర్తకు చూసే హక్కు ఉంటుందని అతనే చెప్పి ఆమె సర్వీసు పుస్తకం తీశాడు. "చూసి బాధపడకండి సార్. ఇరవై ఆరేళ్లలో ఒక్కటే. ఎవరికైనా జరుగుతుంది," అన్నాడు. నాకు ముందే తెలుసు అనుకున్నాడు.

ఎర్ర సిరాతో రాసి ఉంది. తొమ్మిదేళ్ల కిందట, సెప్టెంబరు 17. సాయంత్రం ట్రిప్పు తర్వాత సీట్లు చూడకుండా ఖాళీ బోర్డు తగిలించి, ఆరేళ్ల పాపను బస్సులో వదిలివేసినందుకు ఆయాను బస్సు పని నుంచి తప్పించి స్టోరుకు పంపడమైనది. పాపను రాత్రి ఏడున్నరకు షెడ్డు వాచ్‌మన్ చూశాడు. కింద 'తప్పు నాదే' అని ఆమె చేతిరాత. సంతకం.

ఇంటికి వచ్చి వాన పుస్తకం తీశాను. పాతికేళ్లలో నేను రాయని రోజులు నాలుగే. ఆ సెప్టెంబరు 17 నుంచి 20 వరకు. నాకు గాల్ బ్లాడర్ ఆపరేషన్ జరిగిన రోజులు. ఆసుపత్రి కాగితాలు బీరువాలో ఉన్నాయి. ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ పెట్టిన సంతకం ఆమెది. పక్కన నర్సు టైము వేసింది. మూడూ పది. నన్ను బయటికి తెచ్చి అప్పగించినప్పుడు మరో సంతకం. నాలుగూ యాభై.

మీ బస్సు బడి నుంచి కదిలేది మూడున్నరకు. అప్పటి డ్రైవరువు నువ్వు.

ఆ సాయంత్రం బస్సులో ఆయాగా ఎవరున్నారు? ఒక్క ముక్కలో రాయి.

బావ

*

జిల్లా విద్యా కార్యాలయం, రవాణా విభాగం
ఏప్రిల్ 22

బావా,

ఒక్క ముక్కలో రాయమన్నారు. ఎవరూ లేరు.

మిగతాది కూడా వినండి. విన్నాక తిట్టండి.

ఆ రోజు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచే అక్క ఫోన్ చేసింది. "చిన్నోడా, మీ బావకి ఇవాళే కోస్తారట. నేను రాలేను. సెలవు చీటీ ఇవ్వడానికి కూడా టైము లేదు," అంది. నేనే అన్నాను, "నువ్వు అక్కడే ఉండక్కా, ఇక్కడ నేను చూసుకుంటా. ట్రిప్ షీట్‌లో నీ పేరుకి నేనే టిక్కు పెడతా" అని. మంచికే అన్నాను బావా. ఒక్క పూట కదా అనుకున్నాను.

నలభై ఒక్కమంది పిల్లలు. స్టీరింగు నేనే, తలుపు నేనే, తగువులు తీర్చేదీ నేనే. చివరి స్టాపులో అద్దంలో చూశాను. తలలేవీ కనబడలేదు. షెడ్డులో బండి పెట్టి, బోర్డు తగిలించి, పరుగున మీ దగ్గరికే వచ్చాను. దారిలో బత్తాయిలు కూడా కొన్నాను. మీకెలా ఉందో అన్న గాభరా తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు.

ఎనిమిదింటికి షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. అక్కని వరండాలోకి పిలిచి చెప్పాను. గోడకి ఆనుకుని విన్నది. ఒక్క తిట్టు తిట్టలేదు. "పాపకెలా ఉంది?" అంది. "బాగానే ఉంది, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది," అన్నాను. తర్వాత, "నీ ఉద్యోగం నెలాఖరుకి కదా పర్మనెంటయ్యేది?" అంది. డ్రైవరు తప్పయితే తీసేస్తారు, ఆయా తప్పయితే మారుస్తారు. అది ఇద్దరికీ తెలుసు. "షీట్‌లో నా పేరుందిగా. ఉన్నాననే రాసిస్తాను," అంది.

నేను వద్దన్నాను. రెండుసార్లు అన్నాను. మూడోసారి అనలేదు.

ఒకటే అడిగింది. "మీ బావకి తెలియకూడదు. తన ఆపరేషన్ వల్లే ఇదంతా అనుకుంటారు. ఆయనకి ఒకటి పట్టుకుంటే వదలదు." ఒట్టు వేయించుకుంది. తొమ్మిదేళ్లు నిలబెట్టాను.

జాబితాలో పేరు చూసి ముందు సంతోషపడిన మాట నిజమే. తర్వాత కమిటీవాళ్లు సర్వీసు పుస్తకాలు తెప్పించమన్నారు. ఆ పేజీ తీస్తే పాత ట్రిప్ షీటు కూడా తీస్తారు, అందులో చేతిరాత నాది. భయపడి పేరు నేనే తీయించాను.

ఇప్పుడొక దారి ఉంది బావా. ఆ పుస్తకం నా బల్ల మీదుగానే పైకి పోతుంది. గడువు తీరిన పాత శిక్ష అని చూపించి ఆ ఎర్ర పేజీని కొట్టేయించగలను. మచ్చ ఉండదు. అక్క పేరు మళ్లీ జాబితాలోకి ఎక్కుతుంది. ఫోటో పెద్దది చేయించి తెర మీద వేయిస్తాను. మీరు "ఊ" అంటే చాలు.

చిన్నోడు

*

ఇంటి నుంచి
ఏప్రిల్ 29

బత్తాయిలు గుర్తున్నాయి. నువ్వు ఒలిచి ఇవ్వబోయావు. డాక్టరు ఏమీ పెట్టవద్దన్నాడని ఆమె ఆపింది. "అయితే మీ పేరు చెప్పి నేనే లాగిస్తా బావా" అని నువ్వే తిన్నావు. ముగ్గురం నవ్వాం. నవ్వితే కుట్లు లాగాయి. ఆ సమయానికి పాప బస్సులో ఉంది.

'మీ దగ్గరికే వచ్చాను' అని రాశావు. ఆ ముక్క రాయకుండా ఉండాల్సింది.

పన్నెండేళ్ల వయసులో నువ్వు మా ఇంటికి వచ్చావు. మా ఇద్దరి మధ్య పడుకున్నావు. నీకు సైకిల్ నేర్పింది నేను. మీ ఇద్దరూ కలిసి నాకు తెలియకుండా ఒక పని చేయగలరని నాకు ఎప్పుడూ తోచలేదు. తొమ్మిదేళ్లు నేను అదే ఇంట్లో ఉన్నాను.

ఆమె రోజూ రెండుసార్లు డాబా మెట్లు ఎక్కి బట్టలు ఆరేసేది. మోకాళ్ల నొప్పి అంటే నమ్మాను. తైలం కొని తెచ్చాను. రాత్రి పడుకునే ముందు నేనే రాసేవాణ్ణి. లేని నొప్పికి తొమ్మిదేళ్లు కాళ్లు చాపి తైలం రాయించుకుంది. "ఇప్పుడు కాస్త నయం" అనేది. అన్నిటికంటే నాకు మింగుడు పడనిది అది.

పేజీ కొట్టేయవద్దు. కొట్టేస్తే తప్పు ఆమెదే అయి, ఎవరో దయతలచి మాఫీ చేసినట్టవుతుంది. దాన్ని దిద్దాలి. ఆ సాయంత్రం ఆమె బస్సులో లేదని, ఉన్నది నువ్వొక్కడివేనని నీ చేత్తో రాసి ఇవ్వాలి. సభకు ముందే.

ఇంకొకటి. ఆ పాప తల్లికి నువ్వే వెళ్లి చెప్పాలి. గుమాస్తా చెప్పాడు, బడి ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపు ఆమెదేనట. మీ అక్క ఒక్క కాగితం నకలు కావాలన్నా రెండు వీధులు దాటి ఇంకో షాపుకు వెళ్లేది. "అక్కడైతే అక్షరాలు స్పష్టంగా వస్తాయి" అనేది. ఎండలో ఆ నడక ఏమిటని ఒకసారి నేను విసుక్కున్నాను కూడా.

ఫోటో వెనక్కి పంపు.

బావ

*

ఇంటి నుంచే రాస్తున్నాను, ఆఫీసులో రాయలేక
మే 11

బావా,

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని పది రోజులు తిరిగాను. పగ తీర్చుకునేవాళ్లు కూడా ఇంత చల్లగా రాయరు.

నాకింకా పద్నాలుగేళ్ల ఉద్యోగం ఉంది. ఇద్దరు పిల్లలు అదే బడిలో చదువుతున్నారు. నేను రాసిచ్చిన మర్నాడు వాళ్లు ఏ మొహం పెట్టుకుని ఆ గేటులోకి వెళ్తారు? రాసిస్తే ఎవరికి లాభం? ఆ పాప నిక్షేపంగా ఉంది. అక్క లేదు. అక్క ఉంటే ఇలా అడిగేదా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. తను మోసిన బరువుని మీరు తీసి నా నెత్తిన పెడితే తన కష్టమంతా బూడిదలో పోసినట్టు కాదా?

బోర్డు సంగతి కూడా అన్నారు. ఆలోచన అక్కదే, కాదనను. కాని అరవై రెండు బస్సుల్లో కట్టించింది నేను. "మాకు పొట్టలున్నాయి సార్, వంగలేం" అన్న డ్రైవర్లని తిట్టి, బతిమాలి, మోకాళ్ల మీద కూర్చోబెట్టింది నేను. స్టోరులో కూర్చున్న ఆయా చెప్తే వినేవాళ్లా? రోజుకి రెండుసార్లు ప్రతి బస్సులో ఒక మనిషి వంగి చూస్తున్నాడంటే అది నా తప్పుకి నేను కట్టుకున్న శిక్షే. అదేమీ లెక్కలోకి రాదా?

ఒక మాట అంటాను. అనకూడదు గాని మీరే అనిపిస్తున్నారు. సాయంత్రం ట్రిప్పు వరకూ వెళ్లి వచ్చేస్తానని అక్క అంది. చెయ్యి పట్టుకుని "భయంగా ఉంది, వెళ్లకు" అన్నది ఎవరు? అక్కే చెప్పింది నాకు. బోనులో నన్నొక్కడినే నిలబెట్టకండి.

చిన్నోడు

*

ఇంటి నుంచి
మే 24

వెళ్లవద్దన్నది నేనే. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి దాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్న సంగతి నాకు గుర్తు లేదు. ఆమె చెప్పిందంటే నిజమే అయి ఉంటుంది. కాని నేను అడిగింది ఆమెను ఉండమని. నిన్ను సీట్లు చూడవద్దని అడగలేదు.

ఆమె ఉంటే ఇలా అడగదన్నావు. అడగదు. అందుకే నేను అడుగుతున్నాను.

నువ్వు వెళ్లవని తెలిసి ఇరవయ్యో తేదీన నేనే జెరాక్స్ షాపుకు వెళ్లాను. కౌంటరు దగ్గర పాప తల్లి ఒక్కతే ఉంది.

"ఆయమ్మగారి భర్త కదూ మీరు?" అంది. అవునన్నాను. "పోయారని తెలిసింది. రావాలనిపించింది గాని కాళ్లు కదల్లేదు. కోపం పోలేదు నాకు," అంది. కోపం గురించి అంత సూటిగా ఎవరూ నాతో మాట్లాడలేదు ఈమధ్య.

ఆసుపత్రి కాగితం ఇచ్చి నకలు తీయమన్నాను. మిషను మీద పెట్టబోతూ చదివింది. తేదీ చూసింది. టైము చూసింది. మూత తెరిచే ఉంచి స్టూలు మీద కూర్చుంది.

తర్వాత ఆమె చెప్పింది నువ్వు వినాలి.

మర్నాడు మీ అక్క వాళ్లింటికి వెళ్లిందట. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలో నిలబడి, "తప్పు నాదేనమ్మా" అంది. తల్లి కొంగు చాటు నుంచి పాప, "ఆయమ్మ నిన్న బస్సులో లేదుగా" అంది. బొంగురు గొంతుతో అంది. తల్లి మీ అక్క మొహం చూసింది. మీ అక్క పాప వైపు చూడకుండా, "నిద్రమత్తులో ఉంది కదా, గుర్తుండదు" అంది.

"మా పిల్ల మొండిది సార్. నెలరోజులు అదే పాట. లేదు, లేదు, ఆయమ్మ లేదు అని. ఇంత వయసులోనే అబద్ధాలేంటని చెయ్యి చేసుకున్నాను. డాక్టరు కూడా, భయపడి కల్పించుకుంటోంది, వదిలేయండి అన్నాడు. తర్వాత తనే చెప్పడం మానేసింది," అంది ఆ తల్లి. చెప్పి, తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

మీ అక్క ఒక పిల్లను అబద్ధాలకోరును చేసింది. ఈ వాక్యం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నీ కోసం చేసింది. పిల్లల కబుర్లు నాకు చెప్పడం ఎందుకు మానేసిందో ఇప్పుడు తెలిసింది.

మేము అలా ఉండగానే పిల్ల ట్యూషన్ నుంచి వచ్చింది. పదిహేనేళ్లు. తల్లి ఏమీ చెప్పకుండా కాగితం చేతికిచ్చింది. నిలబడే చదివింది. "నేను చెప్పాగా," అంది. ఏడవలేదు, అరవలేదు. కాగితం మడతల మీదే మడిచి నాకు ఇచ్చి, లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగింది.

ఇప్పుడు నేను అడిగేది మీ అక్క పేరు కోసం కాదు. జాబితాలో ఆమె లేకపోయినా నాకు పర్వాలేదు. ఆరేళ్ల పిల్ల చెప్పింది నిజమని ఒక కాగితం మీద ఉండాలి. నీ చేతిరాతతో.

సభకు వస్తాను. ఆ పిల్ల కూడా వస్తానంది. అంతవరకు నీకు సమయం ఉంది.

బావ

*

జిల్లా విద్యా కార్యాలయం, రవాణా విభాగం
జూన్ 9

బావగారికి,

చూశారుగా! ఇప్పటికైనా మీ మనసు చల్లబడిందా?

ముందు రోజు రాత్రంతా కుర్చీలోనే ఉన్నాను. మీరు మొదటి వరుసలో, పక్కన ఆ అమ్మాయి. మైకు పట్టుకుని ఉన్నమాట చెప్పేశాను. "ఈ గౌరవం నాది కాదు. ఈ సంచులు కుట్టింది మా అక్క. అరవై రెండూ తన చేత్తో కుట్టింది" అని. హాలంతా లేచి నిలబడింది బావా! పై అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తెర మీద అక్క ఫోటో ఎంత పెద్దదిగా వచ్చిందో చూశారా? వంటమ్మలైతే వెక్కి వెక్కి ఏడ్చారు. ఈ ఏడు నుంచి ఆ సంచికి అక్క పేరే పెడతామని అక్కడికక్కడే ప్రకటించారు.

ఇంతకంటే ఏం కావాలి? పేరు కావాలన్నారు, పేరొచ్చింది. మిగిలింది నాలుగు గోడల మధ్య సంగతి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఎవరిని బాగుచేస్తాం? మనం మర్చిపోదాం.

అందరూ ఒకటే అడిగారు, మీ బావగారు ఎందుకు నిలబడలేదు అని. మోకాళ్ల నొప్పులని చెప్పాను.

మీ
చిన్నోడు

*

ఇంటి నుంచి
జూన్ 15

నువ్వు బాగా మాట్లాడావు. "మా అక్క ఈ సంచులు ఎందుకు కుట్టిందో నాకు తెలుసు" అన్నావు. అక్కడ ఆగావు. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. నా పక్కన ఆ పిల్ల ముందుకు వంగింది. నువ్వు నీళ్లు తాగి, "పిల్లలంటే ఆమెకు ప్రాణం కనుక" అన్నావు. అప్పుడే అందరూ లేచారు. మేమిద్దరం కూర్చునే ఉన్నాం. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.

వెనక వరుసలో ఎవరో అన్నారు, "పోయిన అక్కకి పేరు ఇచ్చేశాడు చూడు, తమ్ముడంటే అలా ఉండాలి" అని. పిల్ల నా వైపు చూసింది.

తొమ్మిదేళ్ల కిందట ఆమె అబద్ధాన్ని నీకు ఇచ్చింది. నువ్వు తీసుకున్నావు. ఆ రోజు నీకు భయం ఉంది, తొందర ఉంది. ఈసారి నీకు నలభై రోజుల సమయం ఉంది, మైకు ఉంది. నిజంలో నీకు పనికొచ్చే ముక్క కోసుకుని మిగతాది వదిలేశావు. నువ్వు పిరికివాడివని ఇన్నాళ్లూ అనుకున్నాను.

మూడు కాగితాలు మీ పై అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆసుపత్రి కాగితం నకలు, ఏప్రిల్ 22న నువ్వు రాసిన ఉత్తరం నకలు, ఆ పిల్ల రాసిన ఒక పేజీ. నకళ్లు వాళ్ల షాపులోనే తీశాం. అక్షరాలు స్పష్టంగానే వచ్చాయి.

పైన నేను ఒక ఉత్తరం జతచేశాను. ఆమె సంతకం చేసింది అబద్ధమని రాశాను. ఆమె పేరు సంచికి పెట్టవద్దని రాశాను. అరవై రెండు బస్సుల్లో మనుషుల్ని వంగేలా చేసింది నువ్వేనని, అది నీ లెక్కలో వేయమని కూడా రాశాను. ఏం చేస్తారో నాకు తెలియదు. వాళ్లు నిన్ను పిలవకముందే చెబుతున్నాను. చెప్పకుండా చేయడం మీ అక్కాతమ్ముళ్లకు వచ్చు. నాకు రాదు.

నీ భార్య ఫోన్ చేసింది. పాపం, ఆమెకు ఇప్పుడే తెలిసినట్టుంది. "వదిననైనా క్షమించారా అన్నయ్యా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. ఆమె ఉండి ఉంటే ఒక వారం మాట్లాడేవాణ్ణి కాదు. ఎనిమిదో రోజు ఆమే గొడుగు ఎక్కడ పెట్టారనో మరొకటో అడిగేది, నేను జవాబు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ వారం అయిపోయే దారి లేదు.

ఫోటో వెనక్కి పంపు. ఇది మూడోసారి అడగడం.

సభ నుంచి నేనూ ఆ పిల్లా సిటీ బస్సులో వచ్చాం. చివరి స్టాపులో జనమంతా దిగారు. నేను మెట్టు దాకా వచ్చి చూస్తే పిల్ల వెనక లేదు. బస్సు చివర, ఆఖరి సీటు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకు ఆనేలా వంచి, సీట్ల కింద చూస్తోంది. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏం పోయిందమ్మా?" అని అరిచాడు.

"ఏం పోలేదండీ," అంది.

ఏ బస్సు దిగినా అలా చూడకుండా దిగదని, ఎన్ని తిట్లు తిన్నా తొమ్మిదేళ్లుగా అంతేనని వాళ్లమ్మ తర్వాత చెప్పింది.

లేచి, మోకాళ్ల మీది దుమ్ము దులుపుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఎవరూ లేరు. పదండి," అంది.

నీ అక్క భర్త